బాలల పునరుత్పాదక శక్తి ప్రయోగాలు

సూర్యరశ్మి, గాలి, పారే నీరు, జీవద్రవ్యం వంటి వనరుల నుంచి వేడిని, చలనాన్ని, విద్యుత్తును రాబట్టే పద్ధతులను పిల్లలు స్వయంగా పరికరాలు చేసి, నడిపించి, కొలిచి తెలుసుకునే అభ్యాసాలను బాలల పునరుత్పాదక శక్తి ప్రయోగాలు అంటారు. వాడుకున్న కొద్దీ ప్రకృతిలో తిరిగి సమకూరే శక్తి పునరుత్పాదకం. బొగ్గు, పెట్రోలియం ఏర్పడడానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది కనుక అవి ఈ కోవలోకి రావు. (చూ. శక్తి వనరులు, శిలాజ ఇంధనాలు.)

పరిధి

పాఠశాలల్లో ‘ప్రాజెక్టు’ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు నడుస్తాయి. మొదటిది నమూనా: థర్మోకోల్ మీద రంగులు వేసి అమర్చిన ఆనకట్ట, సౌర గ్రామం వంటివి. ఇవి ఒక వ్యవస్థ రూపాన్ని చూపుతాయి గాని పనిచేయవు. రెండోది ప్రదర్శన: పరికరం పనిచేస్తుంది, దీపం వెలుగుతుంది, చూసినవారు మెచ్చుకుంటారు. మూడోది ప్రయోగం: ఒక అంశాన్ని మారుస్తూ, తక్కినవన్నీ స్థిరంగా ఉంచి, ఫలితాన్ని కొలిచి రాసుకుంటారు. ఒకే బొమ్మ గాలిమర ఈ మూడింటిలో దేనికైనా పనికివస్తుంది. రెక్కలు రెండు ఉన్నప్పుడు ఎంత వోల్టేజీ, మూడు ఉన్నప్పుడు ఎంత, నాలుగైతే ఎంత అని పట్టిక వేసినప్పుడే అది ప్రయోగం అవుతుంది. వైజ్ఞానిక ప్రదర్శనల్లో మొదటి రెండు రకాలే ఎక్కువగా కనబడతాయి. విజ్ఞానశాస్త్ర శిక్షణగా విలువ ఎక్కువ మూడోదానికే.

చరిత్ర

ఈ ప్రయోగాల్లో చాలావాటికి మూలం శాస్త్రవేత్తలు చేసిన తొలి ప్రయోగాల్లోనే ఉంది. స్విస్ శాస్త్రవేత్త హొరేస్ బెనెడిక్ట్ ద సోస్యూర్ 1767లో గాజు మూతలున్న పెట్టెను ఎండలో ఉంచి లోపలి ఉష్ణోగ్రతను పరిశీలించాడు. తరువాతి ప్రయత్నాల్లో అది నీరు మరిగే స్థాయిని దాటింది. ఇప్పుడు పిల్లలు అట్టపెట్టెతో చేసే సౌర కుక్కర్ ఆ వేడిపెట్టెకు సంతతి. మైకేల్ ఫారడే 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుందన్న ఆ సూత్రమే బొమ్మ గాలిమరకూ నీటిచక్రానికీ ఆధారం. 1839లో ఎడ్మండ్ బెకరెల్ తన తండ్రి ప్రయోగశాలలో కాంతి వల్ల విద్యుత్తు పుట్టడాన్ని గమనించాడు. అప్పటికి అతని వయసు 19 ఏళ్లు.

సిలికాన్ సౌరఘటం మొదటిసారి జనం ముందుకు వచ్చింది కూడా ఒక బొమ్మ రూపంలోనే. 1954 ఏప్రిల్ 25న అమెరికాలోని బెల్ ప్రయోగశాలల వారు డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ తయారుచేసిన ఘటంతో ఒక చిన్న రంగులరాట్నాన్ని తిప్పి చూపారు. ఆ ఘటం దక్షత సుమారు 6 శాతం. నేడు బొమ్మల దుకాణంలో దొరికే చిన్న సౌరఫలకం దక్షత అంతకు రెట్టింపు పైనే ఉంటుంది.

చౌక వస్తువులతో ప్రయోగాలు చేయించే సంప్రదాయం రెండో ప్రపంచయుద్ధం తరువాత బలపడింది. యుద్ధంలో ప్రయోగశాలలు ధ్వంసమైన దేశాల ఉపాధ్యాయుల కోసం రూపొందిన సూచనలను విస్తరించి యునెస్కో 1956లో ఒక ప్రయోగ సంకలనాన్ని ప్రచురించింది. భారతదేశంలో ఇదే ధోరణికి 1972లో మధ్యప్రదేశ్‌లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం ముఖ్యమైన ఉదాహరణ. పాత రబ్బరు చెప్పులు, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబులతో శాస్త్రీయ ఆటబొమ్మలు చేసిన అరవింద్ గుప్తా ఆ కార్యక్రమంతో ప్రేరణ పొందినవారే. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 1973 చమురు సంక్షోభం తరువాత ప్రత్యామ్నాయ ఇంధనాలు ప్రభుత్వ విధానాల్లోకి, అక్కడి నుంచి పాఠ్యపుస్తకాల్లోకి వచ్చాయి. భారత ప్రభుత్వం 1982లో సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగాన్ని ఏర్పాటు చేసింది. అదే 1992లో మంత్రిత్వ శాఖ అయింది, 2006లో నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖగా పేరు మార్చుకుంది.

ఈ రంగంలో తరచుగా ఉదహరించే బాలుడు మలావీ దేశానికి చెందిన విలియం కాంక్వాంబా. కరువు వల్ల ఫీజు కట్టలేక బడి మానిన ఇతడు గ్రంథాలయంలో దొరికిన పుస్తకంలోని బొమ్మలు చూసి, సైకిల్ భాగాలు, ట్రాక్టర్ ఫ్యాను, ప్లాస్టిక్ గొట్టాలతో 2002 ప్రాంతంలో గాలిమర కట్టి ఇంట్లో దీపాలు వెలిగించాడు. అప్పటికి వయసు 14 ఏళ్లు. ఇతని అనుభవం 2009లో పుస్తకంగా, 2019లో చలనచిత్రంగా వచ్చింది.

సౌర తాప ప్రయోగాలు

అతి తక్కువ ఖర్చుతో, ఏ విద్యుత్ పరికరమూ లేకుండా చేయగలిగేవి ఇవి. నల్లరంగు పూసిన డబ్బాలో, తెల్లరంగు పూసిన డబ్బాలో సమానంగా నీరు పోసి ఎండలో పెట్టి, పది నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత రాసుకోవడం తొలి మెట్టు. ఆరు, ఏడు తరగతుల పిల్లలు దీన్ని సులభంగా చేస్తారు.

తరువాతి మెట్టు పెట్టె కుక్కర్. ఒక అట్టపెట్టెలో మరొక చిన్న పెట్టె ఉంచి, మధ్య ఖాళీలో ఊక, ఎండుగడ్డి లేదా నలిపిన వార్తాపత్రికలు నింపుతారు. లోపలి అడుగుకు నలుపు పూసి, పైన గాజుపలక బిగిస్తారు. అల్యూమినియం రేకు అంటించిన మూతను వాలుగా నిలిపితే అది అదనపు ఎండను లోపలికి మళ్లిస్తుంది. ఇందులో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి: నలుపు కాంతిని పీల్చుకుని వేడిగా మారుస్తుంది, గాజు వేడిగాలిని, పరారుణ కిరణాలను బయటికి పోనివ్వదు, ఊక గోడల ద్వారా వేడి జారిపోకుండా ఆపుతుంది. ఒక్కొక్కదాన్ని తీసేసి చూస్తే ఏది ఎంత తోడ్పడుతోందో తెలుస్తుంది. గాజు తీసేసినప్పుడు ఉష్ణోగ్రత ఎంత పడిపోతుందో పిల్లలు ముందుగా ఊహించి రాసుకుని, ఆ తరువాత కొలవడం మంచి పద్ధతి.

దక్షతను లెక్కకట్టడం పై తరగతులకు తగిన పని. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నేలమీద చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్ల సౌరశక్తి పడుతుంది. 40 సెంటీమీటర్ల చదరపు గాజుపలక వైశాల్యం 0.16 చదరపు మీటర్లు కాబట్టి దానిమీద పడేది సుమారు 160 వాట్లు. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడానికి 209 కిలోజౌళ్లు కావాలి. రేకు మూత లేకుండా ఈ పనికి రెండు గంటలు పడితే, పెట్టె మీద పడిన 1,152 కిలోజౌళ్లలో 18 శాతమే నీటికి చేరినట్టు. మిగిలిన 82 శాతం ఎటు పోయిందో వెతకడం అసలు ప్రయోగం.

తెలుగు ఇళ్లలో వేసవి వచ్చిందంటే డాబాల మీద వడియాలు, అప్పడాలు, మామిడి ఒరుగులు ఎండుతాయి. దీన్ని కూడా సౌర తాప ప్రయోగంగా మార్చవచ్చు. ఒకే బరువున్న మామిడి ముక్కలను కొన్ని ఆరుబయట చాప మీద, కొన్ని కింద గాలి లోపలికి వచ్చి పైన బయటికి పోయే నల్లని పెట్టెలో ఆరబెట్టి, గంటకొకసారి తూచితే నీరు ఆవిరయ్యే వేగం తెలుస్తుంది. దుమ్ము, ఈగల బెడద లేకపోవడం రెండో పద్ధతికి అదనపు లాభం. పెద్ద ఎత్తున సౌర తాపం వాడకానికి తెలుగువారికి పరిచితమైన ఉదాహరణ తిరుమలలో 2002లో నెలకొల్పిన సౌర ఆవిరి వంట వ్యవస్థ. (చూ. సౌర కుక్కర్, హరితగృహ ప్రభావం.)

సౌర విద్యుత్ ప్రయోగాలు

ఒక సిలికాన్ సౌరఘటం పెద్దదైనా చిన్నదైనా ఇచ్చే వోల్టేజీ 0.5 నుంచి 0.6 వోల్టులే. వైశాల్యం పెరిగితే పెరిగేది విద్యుత్ ప్రవాహం. ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి సుమారు 1.8 వోల్టులు, తెల్ల ఎల్ఈడీకి 3 వోల్టుల దాకా కావాలి. అందువల్ల ఘటాలను శ్రేణిలో కలపాల్సివస్తుంది. విరిగిన తోట దీపం ఫలకం, బొమ్మ మోటారు, మల్టీమీటర్ ఉంటే ఈ విభాగంలో చాలా పనులు చేయవచ్చు.

ముఖ్యమైన ప్రయోగాలు నాలుగు. ఫలకాన్ని సూర్యుడికి ఎదురుగా పెట్టి, క్రమంగా వాల్చుతూ విద్యుత్ ప్రవాహం కొలిస్తే 60 డిగ్రీల వాలు దగ్గర అది దాదాపు సగానికి తగ్గుతుంది. త్రికోణమితిలో కొసైన్ విలువ ఎందుకో అడిగే పిల్లలకు ఇది సమాధానం. శ్రేణిలో ఉన్న ఘటాల్లో ఒక్కదాన్ని అట్టముక్కతో కప్పితే మొత్తం ప్రవాహమే పడిపోతుంది. డాబా మీద ఫలకాలపై కొబ్బరిచెట్టు నీడ పడకూడదని చెప్పడానికి కారణం ఇదే. రంగు సెలోఫేన్ కాగితాలతో కప్పి చూడడం మూడోది. నాలుగోది వేడి ప్రభావం: ఎండ ఎంత ఉంటే విద్యుత్తు అంత అని చాలామంది అనుకుంటారు. కాని ఫలకం వేడెక్కిన కొద్దీ దాని శక్తి డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున తగ్గుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కాగిన ఫలకాన్ని తడిగుడ్డతో చల్లబరిచి, ఆరిన వెంటనే కొలిస్తే వోల్టేజీ కొద్దిగా పెరగడం కనిపిస్తుంది.

తరగతి గదిలో పనిచేయని ఫలకం పాడైపోయిందని పిల్లలు నిరాశపడడం మామూలే. గదిలోని దీపకాంతి కొన్ని వందల లక్స్ అయితే ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. 10 సెంటీమీటర్ల చదరపు ఫలకం నిండు ఎండలో ఒకటిన్నర, రెండు వాట్లు ఇచ్చినా గదిలో మోటారును కదల్చలేదు.

ఫలకాన్ని ఏ కోణంలో పెట్టాలన్నది ఊరి అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. అక్కడ డిసెంబరు చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే రెండో వారంలో, ఆగస్టు మొదటి వారంలో ఒక్కో రోజు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు నిలువు కర్రకు నీడ ఉండదు, ఫలకాన్ని నేలకు సమతలంగా పరిస్తే చాలు. (చూ. కాంతి విద్యుత్ ఫలితం, నీడలేని రోజు.)

పవన శక్తి ప్రయోగాలు

తాటాకుతో, కాగితంతో చేసి తుమ్మముల్లు గుచ్చి, పట్టుకుని పరుగెత్తే గాలిపంకా పల్లెల్లో పిల్లలు ఎరిగిన మొదటి గాలిమర. దానికి ఇరుసు బిగించి పని చేయించడంతో ప్రయోగం మొదలవుతుంది.

గాలిలోని శక్తి వేగం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం గుండా సెకనుకు 3 మీటర్ల గాలి వీస్తే అందులో ఉన్న శక్తి 1.1 వాట్లు; 6 మీటర్ల గాలి వీస్తే సుమారు 9 వాట్లు. ఇందులో 59.3 శాతానికి మించి ఏ గాలిమరా గ్రహించలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లో నిరూపించాడు. చక్రం గాలిని పూర్తిగా ఆపేస్తే వెనక నుంచి వచ్చే గాలికి దారి ఉండదన్నది ఇందులోని తర్కం. పిల్లల గాలిమరలు ఈ పరిమితికి చాలా దిగువనే ఉంటాయి.

బొమ్మ మోటారును జనరేటరుగా వాడితే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. అది నిమిషానికి వేల చుట్లు తిరిగేలా చేసినది. రెక్కలు నెమ్మదిగా తిరిగితే ఎల్ఈడీకి చాలినంత వోల్టేజీ రాదు. పెద్ద కప్పీ నుంచి చిన్న కప్పీకి రబ్బరు పట్టీ వేసి వేగం పెంచడం ఒక ఉపాయం. పాత ప్రింటర్లలో దొరికే స్టెప్పర్ మోటారు నెమ్మదిగా తిప్పినా తగినంత వోల్టేజీ ఇస్తుంది కనుక అది ఇంకా మేలు. అసలు మోటారే లేకుండా కూడా శక్తిని కొలవవచ్చు. ఇరుసుకు దారం చుట్టి, చివర కాగితపు కప్పులో నాణేలు వేసి, ఎంత బరువును ఎంత ఎత్తుకు ఎన్ని సెకన్లలో లేపిందో చూస్తారు. 100 గ్రాములను ఒక మీటరు ఎత్తుకు 2 సెకన్లలో లేపితే అది 0.49 వాటు. ఎల్ఈడీ వెలిగిందా లేదా అన్నదాని కంటే ఇది నమ్మకమైన కొలత.

రెక్కల సంఖ్య, పొడవు, వాలు, వంపు మార్చి చూడడం ఇక్కడి ప్రధాన ప్రయోగం. ప్లాస్టిక్ నీటిగొట్టాన్ని నిలువుగా కోస్తే సహజమైన వంపుతో రెక్కలు వస్తాయి. సీసాను నిలువునా రెండుగా కోసి, సగాలను ఆంగ్ల అక్షరం ఎస్ ఆకారంలో కొంచెం పక్కకు జరిపి ఇరుసుకు బిగిస్తే సావోనియస్ రకం నిలువు గాలిమర అవుతుంది. ఇది ఏ దిక్కు గాలికైనా తిరుగుతుంది, తక్కువ గాలికే కదులుతుంది, కాని దక్షత తక్కువ.

జల శక్తి ప్రయోగాలు

పాత హవాయి చెప్పు నుంచి కోసిన రబ్బరు బిళ్లకు చుట్టూ ప్లాస్టిక్ చెంచాలు గుచ్చి, మధ్యలో సైకిల్ పుల్ల దూర్చితే నీటిచక్రం తయారు. చెంచా గుంటలోకి నీటిధార తగిలి వెనక్కు మళ్లడం అమెరికాకు చెందిన లెస్టర్ పెల్టన్ 1880లో పేటెంట్ పొందిన చక్రాన్ని పోలి ఉంటుంది. ఒక లీటరు నీరు ఒక మీటరు కిందికి పడితే 9.8 జౌళ్ల శక్తి విడుదలవుతుంది. సీసాలోని లీటరు నీరు పది సెకన్లలో ఖాళీ అయితే గరిష్ఠంగా లభించేది ఒక వాటు లోపే. ఈ చిన్న అంకె చూశాక, ఆనకట్టలకు అంత ఎత్తు, అంత నీరు ఎందుకు కావాలో పాఠం చెప్పకుండానే అర్థమవుతుంది.

రెండు బకెట్లను వేర్వేరు ఎత్తుల్లో పెట్టి, ఎండలో సౌరఫలకంతో నడిచే చిన్న పంపుతో నీటిని పైకి ఎక్కించి, సాయంత్రం దాన్ని వదిలి చక్రం తిప్పితే శక్తి నిల్వ సూత్రం తెలుస్తుంది. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలోని 150 మెగావాట్ల ఆరు యూనిట్లు, నాగార్జునసాగర్‌లోని నీటిని తిరిగి పైకి ఎక్కించగల యూనిట్లు ఇదే సూత్రం మీద కట్టినవి. (చూ. జలవిద్యుత్తు, పంప్డ్ స్టోరేజి.)

జీవవాయు ప్రయోగాలు

పేడ, నీరు సమపాళ్లలో కలిపి 20 లీటర్ల నీళ్ల క్యానులో గాలి చొరబడకుండా మూసి, వెలువడే వాయువును సైకిల్ ట్యూబులో పట్టడం సాధారణ పద్ధతి. ఇది ఓపిక అడిగే ప్రయోగం. మొదటి రోజుల్లో వచ్చే వాయువులో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండి మండదు. మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది. స్థిరపడ్డ జీవవాయువులో మీథేన్ 50 నుంచి 70 శాతం ఉంటుంది. 30–40 డిగ్రీల వెచ్చదనం ఈ జీవులకు అనుకూలం కనుక చలికాలంలో క్యానును గోనెసంచిలో చుట్టి ఉంచుతారు. ఈస్టు, చక్కెర కలిపిన సీసా మూతికి బెలూను తొడిగి అది ఉబ్బగానే ‘బయోగ్యాస్’ అని చూపడం పొరపాటు. అందులో ఉన్నది కార్బన్ డయాక్సైడే. (చూ. గోబర్ గ్యాస్, కిణ్వనం.)

అలలు, భూతాపం వంటి వనరుల మీద పిల్లల స్థాయిలో చేయగల పనులు తక్కువ. నీటితొట్టిలో తేలే బెండుకు అయస్కాంతం కట్టి తీగచుట్టలో ఆడించడం వంటి ప్రదర్శనలతో అవి ఆగిపోతాయి.

పునరుత్పాదకంగా పొరబడేవి

నిమ్మకాయ, బంగాళాదుంప బ్యాటరీలు ఈ శీర్షిక కింద తరచుగా ప్రదర్శనలకు వస్తాయి. రాగి, జింకు ముక్కలు గుచ్చిన నిమ్మకాయ సుమారు 0.9 వోల్టులు ఇవ్వడం నిజమే. శక్తి మాత్రం నిమ్మకాయది కాదు, కరిగిపోయే జింకుది. ఆ జింకును ఖనిజం నుంచి తీయడానికి అంతకంటే ఎక్కువ శక్తి ఖర్చయి ఉంటుంది. రసాయన ఘటాన్ని చూపడానికి ఇది చక్కని ప్రయోగమే అయినా పునరుత్పాదక శక్తికి ఉదాహరణ కాదు. మోటారు తిప్పిన జనరేటరు విద్యుత్తుతోనే మళ్లీ ఆ మోటారును తిప్పే ‘ఉచిత శక్తి’ యంత్రాలు శక్తి నిత్యత్వ నియమానికి విరుద్ధం, అవి పనిచేయవు. ఫ్యాను ముందు తిరిగే బొమ్మ గాలిమర పరీక్షకు పనికొస్తుంది గాని, ఆ గాలికి మూలం గోడలోని ప్లగ్గే.

భద్రత

సూర్యుడి వైపు నేరుగా గాని, ఎండను ఒకచోట చేర్చే దర్పణాల నాభి వైపు గాని చూడకూడదు. పుటాకార దర్పణాన్ని వాడనప్పుడు గుడ్డ కప్పి ఉంచాలి. ఎండలో వదిలేస్తే అది ఎండుగడ్డిని అంటించగలదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. అందువల్ల జీవవాయువును వెలిగించి చూడడం ఆరుబయట, పెద్దల చేతుల మీదుగానే జరగాలి. ఫోన్ల నుంచి తీసిన లిథియం బ్యాటరీలను కోయడం, నేరుగా సౌరఫలకానికి కలపడం ప్రమాదకరం. పిల్లలు చేసిన ఏ పరికరాన్నీ ఇంటి 230 వోల్టుల వైరింగుకు కలపరాదు.

భారతదేశంలో వేదికలు

1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10–17 ఏళ్ల పిల్లలు స్థానిక సమస్యల మీద ప్రాజెక్టులు సమర్పిస్తారు. ఇన్‌స్పైర్-మానక్ పథకంలో ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు ఇస్తారు. 2016లో నీతి ఆయోగ్ ప్రారంభించిన అటల్ టింకరింగ్ ల్యాబుల్లో పనిముట్లు, మోటార్లు, సెన్సర్లు అందుబాటులో ఉంటాయి. తెలుగునాట జనవిజ్ఞాన వేదిక, అది వెలువరించే ‘చెకుముకి’ బాలల పత్రిక, అదే పేరుతో జరిగే సైన్స్ సంబరాలు చేతులతో చేసి నేర్చుకునే పద్ధతిని పల్లె బడుల దాకా తీసుకెళ్లాయి. ఆగస్టు 20ని 2004 నుంచి అక్షయ ఊర్జా దినంగా, ఫిబ్రవరి 28ని 1987 నుంచి జాతీయ విజ్ఞానశాస్త్ర దినోత్సవంగా జరుపుతున్నారు.

తెలుగు రాష్ట్రాల్లో బడుల వైజ్ఞానిక ప్రదర్శనలు ఎక్కువగా శీతాకాలంలో జరుగుతాయి. ఎండ ప్రయోగాలకు ఆ నెలల నిర్మలాకాశం అనుకూలమే. రాయలసీమలో గాలి బలంగా వీచేది మాత్రం నైరుతి రుతుపవనాల కాలంలో. అందుచేత గాలిమర మీద ఆరుబయటి కొలతలు కావలసినవారు వాటిని జూన్, జులై, ఆగస్టు నెలల్లోనే తీసి నోటుపుస్తకంలో నమోదు చేసిపెట్టుకోవాలి.